ఈ రెండు కేసులనూ క్లబ్ చేయకండి

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగం మాత్రమే): నాకు నలభై మూడేళ్లు. మాది అనంతపురం. 2005లో న్యాయవాదిగా ఎన్‌రోల్ అయి, ఇక్కడి కోర్టులోనే ఒక సీనియర్ గారి దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. 2009లో బాబు పుట్టాక మానేశాను. మధ్యలో మూడేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా జీతానికి చేశాను. మావారు ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. వేరే ఊళ్లో ఆయనకు ఇంకో సంబంధం ఉందనీ, మూడేళ్లుగా ఆ ఇంటి కరెంటు బిల్లు కూడా ఆయనే కడుతున్నారనీ ఆయన ఫోన్లో చూసి తెలుసుకున్నాను. అడిగితే ఒప్పుకున్నారు, ‘పదిమందిలో పెట్టొద్దు’ అన్నారు. నిద్ర పట్టని రాత్రుల్లో ‘ది గుడ్ వైఫ్’ ఏడు సీజన్లూ చూశాను. కాజోల్ నటించిన హిందీ రూపం కూడా చూశాను. నాతోపాటు లా చదివిన ఒకాయన ఇప్పుడు ఇక్కడ పేరున్న లాయరు. తన ఆఫీసుకు రమ్మంటున్నాడు. ‘ఇప్పుడు కోర్టుకు పోతే మొగుని మీద కేసు వేసేకే పోయిందంటారు’ అని మా అత్త. ‘ముందు విడాకుల సంగతి తేల్చుకో, పని సంగతి తర్వాత’ అని మా అన్న. పదహారేళ్ల తర్వాత తిరిగి వెళ్లడం సాధ్యమేనా? ఆ కథలో ఆమెలాగా భర్తతో తెంచుకోకుండానే పని చేసుకోవచ్చా? పాత కోటు కూడా ఇప్పుడు పట్టడం లేదు.

సమాధానం:

అమ్మా,

ఒకే పార్టీల మధ్య రెండు దావాలు నడుస్తున్నప్పుడు వాటిని క్లబ్ చేయమని, అంటే కలిపి విచారించమని, మనమే కోర్టును అడుగుతాం. సాక్ష్యం ఒకటే అయితే అది మంచిదే. సంబంధం లేని రెండింటిని క్లబ్ చేస్తే ఏమవుతుందో మీకు గుర్తుండే ఉంటుంది: ఒకదానిలో సాక్షి రాకపోతే రెండోదీ ఆగిపోతుంది, ఒకదానికి స్టే వస్తే రెండోదాని కాగితాల కట్ట కూడా బీరువాలోకి చేరుతుంది. మీ అన్నగారు ప్రేమతోనే చెప్పి ఉండవచ్చు గానీ, ఆయన సలహా సరిగ్గా ఇటువంటిదే. మీ అత్తగారి భయమూ అక్కడి నుంచే పుట్టింది. మీ కాపురం ఒక కేసు, మీ వృత్తి మరొక కేసు. మొదటిది ఎన్నేళ్లు నడుస్తుందో, రాజీలో ముగుస్తుందో తీర్పులో ముగుస్తుందో ఈ రోజు మీకూ తెలియదు, నాకూ తెలియదు. రెండోదానికి మీరు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడవలసిన పని లేదు. కాబట్టి ముందుగా రెండోదానికి నంబరు వేయించుకోండి.

మీరు చూసిన ధారావాహికలో నాకు నచ్చిన సంగతి కూడా ఇదే. అమెరికాలో సీబీఎస్ చానల్లో అది మొదలైంది 2009 సెప్టెంబరులో, అంటే ఇక్కడ మీరు కోటు మడిచిపెట్టిన ఏడాదే. అంతకు ముందు ఏడాది మార్చిలో న్యూయార్క్ గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ వ్యభిచార కుంభకోణంలో చిక్కుకొని రాజీనామా చేసినప్పుడు ఆయన భార్య సిల్డా పత్రికలవారి ముందు ఆయన పక్కనే నిలబడింది. ఆమె హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, పెద్ద సంస్థల్లో పనిచేసి, పిల్లల కోసం మానేసిన న్యాయవాది. అలా భర్తల పక్కన మౌనంగా నిలబడిన భార్యలను చూసి, ఆ తర్వాత ఆమె ఏం చేసి ఉంటుందన్న ప్రశ్నతో రాబర్ట్ కింగ్, మిషెల్ కింగ్ అనే దంపతులు ఈ కథ అల్లారు. మొదటి దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. భర్త మైకు ముందు మాట్లాడుతుంటాడు, కెమెరాలు మెరుస్తుంటాయి, కథానాయిక అలీసియా చూపు మాత్రం అతని కోటు చేతికి అంటుకున్న చిన్న దారప్పోగు మీద నిలిచిపోతుంది; దాన్ని తీసెయ్యాలని ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు సాగుతుంది. ఇన్నేళ్ల సంసారం ఆ చేతికి నేర్పిన అలవాటు అది. కాసేపటికి నడవాలో అదే చెయ్యి అతని చెంప ఛెళ్లుమనిపిస్తుంది. మీ ఉత్తరంలో, ఆ బిల్లు చూసిన మరునాడు పొద్దున కూడా ఆయన టిఫిన్ బాక్సు కట్టి ఇచ్చానని ఒక వాక్యం రాసి, దాన్ని కొట్టేశారు. కొట్టేసినా కనిపిస్తోంది. అందుకు సిగ్గుపడవలసిన అవసరం లేదు.

ఆ చెంపదెబ్బ తర్వాత ఆమె నేరుగా విడాకుల కోర్టుకు వెళ్లలేదు. ఇల్లు అమ్ముకొని చిన్న ఇంటికి మారింది, పదమూడేళ్ల విరామం తర్వాత ఒక న్యాయవాద సంస్థలో అందరికన్నా కింది స్థాయిలో చేరింది, తనకన్నా ఎంతో చిన్నవాడైన కారీతో ఒకే ఒక్క ఉద్యోగం కోసం పోటీపడింది. భర్త విషయం ఏం చేయాలన్నది అలాగే తెరిచి ఉంచింది. 156 భాగాల పొడుగునా, 2016లో కథ ముగిసే దాకా, చట్టం దృష్టిలో ఆమె అతని భార్యగానే ఉంది. అంటే మీ రెండో ప్రశ్నకు ఆ కథ చెప్పే జవాబు, ‘ఉండవచ్చు’ అనే. నా జవాబు కూడా అదే, అయితే ఒక షరతుతో. ఆ షరతు మన చట్టంలో ఉంది కనుక కాస్త ఆగి చెబుతాను.

ముందు మీ మొదటి ప్రశ్న. పదహారేళ్ల తర్వాత తిరిగి వెళ్లవచ్చా? వెళ్లవచ్చు. ఒకసారి ఎన్‌రోల్ అయిన న్యాయవాది పేరు, తనే తీయించుకుంటేనో, శిక్ష కిందనో తప్ప, బార్ కౌన్సిల్ రోల్ (న్యాయవాదుల జాబితా) నుంచి పోదు. మళ్లీ కొత్తగా ఎన్‌రోల్ కావాలని మీకెవరైనా చెబితే నమ్మవద్దు. ఇప్పటి పిల్లలు రాసే ఆలిండియా బార్ పరీక్ష 2009-10 విద్యాసంవత్సరం నుంచి పట్టా పొందినవారికే వర్తిస్తుంది. మీరు అంతకు ముందు తరంవారు కనుక అది మీకు అక్కర్లేదు. మీరు ఎన్‌రోల్ అయినప్పుడు కౌన్సిల్ హైదరాబాదులో ఉండేది. రాష్ట్రం విడిపోయాక, 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో పనిచేస్తోంది. మీ రికార్డు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ దగ్గరే ఉందో లేదో ముందుగా రాసి తెలుసుకోండి. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నుంచి హైకోర్టు కోసం అడుగుతూ వచ్చిన సీమవాళ్లం ఏ చిన్న కాగితానికైనా ఇంకా అంత దూరం పోవలసే వస్తోందని నాకొక కడుపుమంట ఉంది గానీ, అది వేరే రోజు చెప్పుకుందాం. న్యాయవాదుల పట్టాల పరిశీలన పేరుతో 2015లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నియమాల ప్రకారం మీరు ప్రాక్టీసు సర్టిఫికెట్ కోసం దరఖాస్తు ఇవ్వవలసి ఉంటుంది. డిగ్రీ, మార్కుల జాబితాలు, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ బయటికి తీసి జెరాక్సులు సిద్ధం చేసుకోండి.

మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఒకటి నన్ను ఆపింది. మూడేళ్లు స్కూల్లో జీతానికి పనిచేశానన్నారు. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరిన న్యాయవాది ఆ సంగతి బార్ కౌన్సిలుకు తెలియజేయాలనీ, ఆ ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు చేయకూడదనీ బార్ కౌన్సిల్ నియమం. ఆ మూడేళ్లలో మీరు ఒక్క వకాల్తా మీద కూడా సంతకం పెట్టలేదు కనుక మీరు చేసిన ఘోరం ఏమీ లేదు, కానీ తెలియజేయకపోవడం లోపమే. దాన్ని దాచిపెట్టి దరఖాస్తు నింపకండి. చేరిన తేదీ, మానేసిన తేదీ రాసి, అజ్ఞానం వల్ల తెలియజేయలేదని ఒక వినతిపత్రం జతచేయండి. తిరిగి వృత్తిలో అడుగుపెట్టే మనిషి మొదటి కాగితమే శుభ్రంగా ఉండాలి. రేపు మీ భర్త తరఫు లాయరు మీ మీద వెతికే మొదటి కాగితం కూడా అదే కావచ్చు.

ఇక ఆ ధారావాహిక మీకు చెప్పని భాగం. అందులో నలభై చిల్లర నిమిషాల్లో అరెస్టు, విచారణ, క్రాస్ ఎగ్జామినేషన్, తీర్పు అన్నీ ముగిసిపోతాయి. మొదటి భాగంలోనే ఆమెకు హత్య కేసు అప్పగిస్తారు, ఆమె నెగ్గుతుంది. మనకు జ్యూరీ లేదు, మొదటి రోజే హత్య కేసు ఇచ్చేవారూ లేరు. మీకు దొరికేది కాల్ వర్క్. పొద్దున పదిన్నరకు కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల పట్టిక) చేత్తో పట్టుకొని, సీనియర్ గారికి ఏ హాల్లో ఏ నంబరుందో చూసుకొని, ఒక హాల్లో పాసోవర్ (కాసేపాగి పిలవమని) అడిగి రెండో హాల్లోకి పరుగెత్తడం. కౌంటరుకు, అంటే అవతలివారి దరఖాస్తుకు మన జవాబు దాఖలు చేయడానికి, టైమ్ అడగడం. మెమో దాఖలు చేయడం. బెంచి క్లర్కు నోట తదుపరి వాయిదా తేదీ వినపడగానే డైరీలో రాసుకోవడం. ఆ డైరీని మీరు తక్కువగా చూడరని తెలుసు, నాలుగేళ్లు రాసినవారే కదా. కేసు నంబరు, పార్టీల పేర్లు, ఏ స్టేజీలో ఉందీ, పోయిన వాయిదా, వచ్చే వాయిదా: ఆ ఐదు గళ్లు తప్పులేకుండా నింపగలిగిన జూనియర్ ఏ ఆఫీసుకైనా కావాలి. మొదటి కొన్ని నెలలు బస్సు ఛార్జీలకు మించి పెద్దగా ఏమీ మిగలకపోవచ్చు. ఈ మాట ముందే చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే ఆ తెరమీద అలీసియా ఒక సీజన్లో సంపాదించినంత ఇక్కడ ఒక సివిల్ లాయరు పదేళ్లకు సంపాదిస్తే గొప్ప.

నా సంగతి ఒకటి చెబుతాను. మా పాప పుట్టాక నేను ఏడేళ్లు కోర్టు గుమ్మం తొక్కలేదు. తిరిగి కడప కోర్టులో అడుగుపెట్టిన మొదటి రోజు మా సీనియర్ గారు ఒక ఇంజంక్షన్ దావాలో కౌంటరుకు టైమ్ అడిగి రమ్మన్నారు. అంతే పని. బెంచి క్లర్కు నంబరు పిలిచాడు. లేచి నిలబడ్డాను. జడ్జిగారు కళ్లద్దాల పైనుంచి చూసి ఎవరి తరఫున అని అడిగారు. ప్రతివాది తరఫున అనవలసిన చోట వాది తరఫున అన్నాను. అసలు వాది లాయరు నా పక్కనే నిలబడి ఉన్నాడు! హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వకుండా, ‘అమ్మా, ముందు మీ పార్టీ ఎవరో చూసుకుని రండి, పాసోవర్ ఇస్తున్నాను’ అన్నారు. బయటికి వచ్చి వరండా పక్కన చెట్టు కిందున్న కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. మా ఆఫీసు గుమాస్తా, ఆయనకు అప్పటికే అరవై దాటి ఉంటాయి, టీ గ్లాసు చేతికిచ్చి, ‘ఏడేళ్లు వండిపెట్టిన చెయ్యి కదమ్మా, కట్ట విప్పేకి నాలుగు దినాలు పడుతుందిలే’ అన్నాడు. ఆ తర్వాత కోర్టు ఫీజు లెక్కలూ, కాపీ అప్లికేషన్లూ, రిటర్న్ అయిన ప్లెయింటును (దావా పత్రాన్ని) సరిచేయడమూ నాకు మళ్లీ నేర్పింది ఆయనే. మీరు చేరే ఆఫీసులో మీ మొదటి గురువు మీ పాత సహాధ్యాయి కాదు, వాళ్ల గుమాస్తా. ఆయనను ‘అన్నా’ అని పిలవండి.

చదువు సంగతికి వస్తే, మీ ట్రంకు పెట్టెలోని పుస్తకాల్లో కొన్నింటికి కాలం చెల్లింది, కొన్నింటికి చెల్లలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. మీకు కంఠతా వచ్చిన 498ఏ (భార్యపై క్రూరత్వం) ఇప్పుడు న్యాయ సంహితలో 85. భరణం కోసం మనం నోటి అలవాటుగా అనే 125 ఇప్పుడు సురక్షా సంహితలో 144. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరాల కేసులు పాత ఐపీసీ కిందే ఇంకా నడుస్తున్నాయి కనుక పాత తలా కొత్త తలా రెండూ ఉన్నవారికే ఇప్పుడు గిరాకీ. మీతో పాటు కోర్టుకు వచ్చే ఇరవై అయిదేళ్ల పిల్లలకు పాత సెక్షన్లతో మీకున్నంత అలవాటు ఉండకపోవచ్చు. సివిల్ వైపు మీ పుస్తకాలు చాలావరకు చెల్లుతాయి: సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 1908 నాటిదే, ఆస్తి బదలాయింపు చట్టం 1882 నాటిదే. మారినవాటిలో మీకు బాగా పనికొచ్చేది ఆడపిల్లల వాటా. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కోపార్సనరీ హక్కు (ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా) 1985 నుంచే ఉన్నా, కేంద్ర చట్ట సవరణ అమల్లోకి వచ్చింది 2005 సెప్టెంబరు 9న, అంటే మీరు నల్లకోటు వేసుకున్న ఏడాదే; ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది 2020 ఆగస్టులో. అనంతపురం పల్లెల్లో ఎంతమంది ఆడపడుచులు ఈ ఒక్క తీర్పు తెలియక అన్నదమ్ములకు వేలిముద్ర వేసి ఇస్తున్నారో మీరు పార్టీలతో మాట్లాడినప్పుడు మీకే తెలుస్తుంది. పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాలు పట్టుకోండి. మీ వయసు మీకు కలిసొచ్చేది అక్కడే: పెళ్లై, పిల్లల్ని పెంచి, అత్తగారింట్లో బతికిన లాయరమ్మ ముందు ఆడవాళ్లు నోరు విప్పుతారు. ఈ-ఫైలింగు, ప్రతి కేసుకూ ఉండే సీఎన్ఆర్ నంబరు కొట్టి ఫోన్లో కేసు స్థితి చూసుకోవడం మీ అబ్బాయి అరగంటలో నేర్పుతాడు. ఫోను చూడవద్దని రోజూ తిట్టే తల్లికి ఫోను గురించే పాఠం చెప్పే అవకాశం ఏ ఇంటర్ కుర్రాడూ వదులుకోడు.

మీ సహాధ్యాయి ఆఫీసులో చేరాలా అని మీరు నేరుగా అడగలేదు, కానీ ‘జనం ఏమనుకుంటారో’ అని రాశారు. కథలో కూడా అలీసియాకు చోటిచ్చింది జార్జ్‌టౌన్‌లో తనతో చదివిన విల్ గార్డ్‌నరే కదా, ఆ దారి ఎటు వెళ్లిందో మీరు చూశారు. తెరమీది సంగతి అలా ఉంచండి. చేరడంలో తప్పు లేదు. కాకపోతే ఆయన ఆఫీసులో మీరు ఏ రకం పని చేస్తారో, ఫీజులో వాటా ఉంటుందా నెలకింత ఇస్తారా అన్నది మొదటి రోజే మాట్లాడుకోండి, స్నేహం మాటున మొహమాటపడకండి. మీ కాపురానికి సంబంధించిన ఏ కాగితమూ ఆ ఆఫీసు నుంచి వెళ్లకూడదు. వకాల్తా ఆయన పేరు మీద ఉంటే చాలు, అవతలి లాయరుకు క్రాస్‌లో మొదటి ప్రశ్న దొరికినట్టే. ఇంకొక చిన్న మాట: కథలో ఆమె ఆ పోటీలో కారీని దాటి ఉద్యోగం నిలబెట్టుకోవడానికి కేవలం వాదనాపటిమ సరిపోలేదు, భర్త ప్రచారం నడిపే ఎలై గోల్డ్ సాయం అడిగింది. మీవారి శాఖలోని కాంట్రాక్టర్లు రేపు మీ దగ్గరికి కేసులతో వస్తే, అది మీ ప్రతిభకు వచ్చిన కేసా, ఆయన సంతకానికి వచ్చిన కేసా అని ఒకసారి ఆలోచించి తీసుకోండి. నేనైతే తీసుకోను.

ఇప్పుడు కాపురం కట్ట విప్పుదాం. భర్తతో ఉంటూ పని చేసుకోవడానికి నేను పెట్టిన షరతు ఇక్కడుంది. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు జోసెఫ్ షైన్ కేసులో ఐపీసీ 497ను (వ్యభిచారాన్ని నేరంగా చూసిన సెక్షన్‌ను) కొట్టేసింది కనుక ఆయన చేసింది నేరం కాదు. కానీ 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద విడాకులకు కారణం అవుతుంది. అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటుంది, అది మీరు చదివే ఉంటారు: వ్యభిచారం కారణంగా విడాకులు కోరేవారు ఆ తప్పును క్షమించి ఉండకూడదు. ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన, పిల్లవాడి చదువు కోసం సర్దుకున్నంత మాత్రాన క్షమించినట్టు కాదు. అన్నీ తెలిసి కూడా భార్యాభర్తలుగా మునుపటిలా కలిసి బతికితే మాత్రం, క్షమించేసిందనే వాదన వస్తుంది. అలీసియా ఏడేళ్లు తలుపు అలాగే తెరిచి ఉంచడం ఆమె భర్త రాజకీయాలకు పనికొచ్చింది. మీరు అలాగే తెరిచి ఉంచితే పనికొచ్చేది మీ భర్త కౌంటరుకు. కనుక ‘పదిమందిలో పెట్టొద్దు’ అన్న ఆయన మాటకు మీరు సరేనన్నా, ‘క్షమించాను’ అని ఎక్కడా రాయకండి, వాట్సాప్‌లో కూడా. పెద్దమనుషుల ముందు రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటే, దాన్ని ముందు వేరే లాయరుకు చూపించండి.

ఆ బిల్లుల తాలూకు స్క్రీన్‌షాట్లు తీశానన్నారు. మంచిదే, అయితే వాటిని కోర్టులో నిలబెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన పాత 65బీ స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. భార్యాభర్తల మధ్య సంభాషణను రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక వివాదంలో అది సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఇంట్లో ప్రతి గదిలో రికార్డర్ పెట్టి బతకమని నేను చెప్పను. అటువంటి ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవాడు కూడా ఉన్నాడు. ఉన్నవి భద్రంగా దాచండి, కొత్తవాటి వేటకు పోకండి. ఇల్లు ఎవరి పేరున ఉందో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించి చూసుకోండి. కోపంలో ఆయన పై అధికారికి ఫిర్యాదు రాయాలనిపిస్తుంది, మీ ఉత్తరంలో ఆ వేడి నాకు కనిపించింది. రాయకండి. ఆయన మరో పెళ్లే చేసుకొని ఉంటే అది వేరే సంగతి. లేదంటే ఆయన జీతం ఆగితే రేపు మీకూ బాబుకూ రావలసిన భరణమే ఆగుతుంది.

సంపాదన మొదలుపెడితే భరణం పోతుందన్న భయం మీ అన్నగారికి ఉన్నట్టుంది. 2020 నవంబరులో రజ్నేష్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది: భార్య సంపాదిస్తున్నంత మాత్రాన భరణానికి అడ్డు కాదు, ఆ సంపాదన ఆమె బతుకుకు సరిపోతుందా అన్నదే చూడాలి. ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్ రూపంలో పెట్టాలనీ, భరణం దరఖాస్తు తేదీ నుంచి లెక్కగట్టాలనీ కూడా ఆ తీర్పే చెప్పింది. గృహహింస చట్టం కింద కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఎవరి పేరున ఉందనేది దానికి అడ్డు రాదు. ఒకవేళ కేసు వేయవలసే వస్తే, మీరు రోజూ కోటు వేసుకొని తిరిగే ప్రాంగణంలోనే పార్టీగా బోనెక్కడం కష్టంగా ఉంటుంది. భార్య తాను నివసించే చోట కూడా విడాకుల పిటిషన్ వేయవచ్చని 2003 సవరణ తర్వాత చట్టంలోనే ఉంది కనుక, ప్రొద్దుటూరులో మీ అమ్మగారింట్లో ఉంటే అక్కడ వేయడానికి వీలుంది. మీ కేసు మీరే వాదించకండి. సొంత గాయానికి ఎంత పెద్ద డాక్టరైనా కుట్లు వేసుకోలేడు. విడాకులు కావాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం నా చేత చెప్పించాలని చూడకండి, నేను చెప్పను. ఆయన ఆ ఇంటి కరెంటు బిల్లు కట్టడం మానేశారా లేదా అన్నది కూడా తెలియకుండా చెప్పేవారి మాట మీరూ వినకండి.

అత్తగారి మాట. ‘మొగుని మీద కేసు వేసేకే పోయిందంటారు’ అన్నారు కదా. అననివ్వండి, మొదటి నెలే అంటారు. రెండో నెలలో మీ వీధిలోనే ఎవరో ఒకామె పొలం పాసుపుస్తకం కొంగున దాచుకొని మీ గుమ్మంలోకి వస్తుంది. మీ ఉత్తరంలోనే మరొక చోట, మీరు కొన్నాళ్లుగా మంచం దిగకపోతే అత్తగారే వంట చేసి మనవడికి అన్నం పెట్టి కాలేజీకి పంపుతున్నారని రాశారు. కథలో అలీసియా అత్త జాకీ గుర్తుంది కదా, సూటిపోటి మాటలు అంటూనే, కోడలు పనికి వెళ్లిన రోజుల్లో పిల్లల్ని చూసుకున్నదీ ఆమే. మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ‘అత్తా, పది నుంచి అయిదు దాకా నేను ఉండను, వాడికి మధ్యాహ్నం అన్నం నువ్వే చూడాల’ అని చెప్పి వెళ్లండి. ఆమె ఒప్పుకుంటారని నా నమ్మకం, కొడుకు చేసిన పని ఆమెకు తెలియకుండా ఉండదు. బాబుకు మీరు ఎంతవరకు చెప్పారో రాయలేదు. పరీక్షలున్న ఏడాది కనుక వివరాలు అక్కర్లేదు, కానీ అమ్మ మళ్లీ కోర్టుకు పోతోందన్నది అతను వేరేవాళ్ల నోట వినకూడదు.

చివరిగా కోటు సంగతి. పాతది భుజాల దగ్గర బిగుతైతే కుట్టు విప్పి వదులు చేయించవచ్చు, లోపల రెండువైపులా అంగుళం బట్ట వదిలే కుడతారు. టైలరుకు చూపించి, కలరా ఉండల వాసన పోయేదాకా ఒకరోజు ఎండలో వేయండి. నడుము దగ్గర పట్టకపోతే మాత్రం గుండీలు పెట్టకుండా తిరగవద్దు, కొత్తది తీసుకోండి, పలచటి బట్టది, అనంతపురం ఏప్రిల్ మీకు తెలియనిది కాదు. బ్యాండ్లు మాత్రం మూడు జతలు ఉంచుకోండి. ఒకటి మెడకు, ఒకటి ఉతుకులో, ఒకటి బ్యాగులో. మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ కోర్టు కూర్చునేసరికి పొద్దున కట్టినది చెమటకు మెత్తబడిపోతుంది.